స్త్రీరక్షణ వ్యవస్థయు, మన సంఘముయొక్క కర్తవ్యమును

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



స్త్రీలపై జరుగు హింసను గుఱించియు, దానిని నివారించుటకై మన దేశమున నేర్పడిన వ్యవస్థను గుఱించియు కొన్ని మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. వార్షికసభలలో విద్యానిధికి వచ్చిన విరాళములను గుఱించియు, వసతిగృహపు కట్టడమును గుఱించియు, పరీక్షలలో నెగ్గిన బాలబాలికలను గుఱించియు ముచ్చటించుట వాడుక. మేము చెప్పబోవునది యట్టి ముచ్చట కాదు. వినుటకు ఇంపుగా నుండదు. అయినను ఈ విషయముతో కులసంఘమునకు గల సంబంధము మిక్కిలి దగ్గఱిది. భర్తచే దెబ్బలు తిన్న స్త్రీ మొట్టమొదట పోవునది ఠాణాకు కాదు, పుట్టింటికి. పుట్టింటివారు పోవునది కులపెద్దల యొద్దకు. ఆ పెద్దలు నేడీ వేదికపైనను, ముందువరుసలలోను కూర్చుండియున్నారు.

ముందుగా రెండుమూడు అంకెలు మనవి చేయుదుము. కేంద్రప్రభుత్వమువారు 2019 మొదలు 2021 వఱకు జరిపించిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు, 18 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో నూటికి 29 మందికి పైగా తాము భర్తవలన శరీరహింసనో లైంగికహింసనో అనుభవించితిమని చెప్పిరి. ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున దాదాపు 37 మంది యట్లు చెప్పిరి. ఇది యడిగినవారికి చెప్పినవారి లెక్క. చెప్పనివారి లెక్క యెవరికిని దొరకదు. మన కులమునకు వేఱుగా లెక్క లేదు గనుక ఇది మనవారి యిండ్లలో లేదని యనుకొనుటకు ఎవరికిని ఆధారము లేదు.

ఇంతకంటె మమ్ము కలవరపెట్టిన అంకె మఱియొకటి కలదు. భార్య చెప్పకుండ బయటికి పోయినను, ఇంటిపని నిర్లక్ష్యము చేసినను, ఎదురు మాటలాడినను, వంట సరిగా చేయకున్నను, అత్తమామలను గౌరవింపకున్నను - ఇట్లు సర్వేవారు కొన్ని కారణములు చెప్పి, వీనిలో దేనికైనను భర్త భార్యను కొట్టుట న్యాయమేనా యని యడిగిరి. ఆంధ్రప్రదేశ తెలంగాణములు రెండింటను నూటికి సుమారు 84 మంది స్త్రీలు ఏదో యొక కారణమునకు న్యాయమే యనిరి. పురుషులు గాదు, స్త్రీలు! అక్షరాస్యతలోను, వైద్యవిద్యలోను, యంత్రశాస్త్రములోను మన తెలుగువారు దేశదేశములలో పేరు గాంచిరని ప్రతి సభలోను చెప్పుకొందుము. ఆ పేరును ఈ అంకెను పక్కపక్కన నుంచి చూడుడు.

మన భాషలో నొక సామెత గలదు: మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదట. నవ్వించుటకు పుట్టిన మాటయే. కాని యందులో దెబ్బ లెక్కకే రాలేదని గమనింపుడు. దెబ్బ యెండవానల వంటిది; నలుగురిలో పలుచనగుటయే అసలు దుఃఖము. ఆ సర్వేయందే హింస ననుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది యెన్నడును సాయము కోరలేదు, ఎవరికిని చెప్పను లేదు. సాయము కోరినవారు 14 మంది మాత్రమే. వారిలో పెక్కుమంది కోరినది తమ కుటుంబమువారినే; రక్షకభటుల యొద్దకు పోయినవారు మిక్కిలి తక్కువ. చట్టములను గుఱించి చెప్పబోవుటకు ముందే యిది జ్ఞాపకముంచుకొనవలెను. చట్టము ఎంత దృఢమైనదైనను, దానిని చేరు త్రోవ పుట్టింటిమీదుగాను, పెద్దమనుష్యుల అరుగులమీదుగాను పోవుచున్నది. ఆ త్రోవను తెఱచుటయు మూయుటయు మన చేతిలో నున్నది.

ఇక చట్టముల మాట. వరకట్నమును నిషేధించు కేంద్రశాసనము 1961లో వచ్చినది. భర్తయు, అతని బంధువులును చేయు క్రౌర్యమును ప్రత్యేక నేరముగా 1983లో శిక్షాస్మృతియందు 498ఏ సెక్షనుగా చేర్చిరి. వివాహమైన యేడేండ్లలోపల వధువు అసహజముగా మరణించి, మరణమునకు ముందు కట్నముకొఱకు బాధింపబడినచో దానిని వరకట్న మరణముగా నెంచు నిబంధన 1986లో వచ్చినది. 2024 జులై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి రాగా, ఈ రెండును దానిలో 85, 80 సెక్షనులుగా నిలిచియున్నవి. ఇవి నేరము జరిగిన పిమ్మట శిక్షించునవి. శిక్ష యవసరమే. కాని తెల్లవారినచో నే యింట తలదాచుకొందునని యడుగు స్త్రీకి శిక్షాస్మృతి ప్రత్యుత్తర మీయదు.

ఆ ప్రత్యుత్తరము నిచ్చునది 2005లో చేయబడి 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలైన గృహహింస నిరోధక చట్టము. దీనిని గుఱించి కొంచెము విస్తరించి చెప్పుదుము. ఏలయన మనలో పెక్కురకు దాని పేరే గాని లోపలి సంగతి తెలియదు. ఈ చట్టము క్రింద హింస యనగా కొట్టుట మాత్రమే గాదు. నిత్యము తిట్టుట, అవమానించుట, బిడ్డలు లేరనియు మగబిడ్డ లేడనియు సూటిపోటి మాటలాడుట, స్త్రీధనమును లాగికొనుట, ఇంటిఖర్చున కీయకుండుట - ఇవియు హింసయే. బాధితురాలు మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. మొదటి విచారణ సాధారణముగా మూడుదినములలోపల జరుగవలెను; అటుపిమ్మట అఱువది దినములలో తేల్చుటకు యత్నింపవలెను. మేజిస్ట్రేటు భర్తను ఆమె జోలికి పోవలదని యాజ్ఞాపింపవచ్చును. ఇంటినుండి ఆమెను వెడలగొట్టరాదని యాజ్ఞాపింపవచ్చును. భరణమును, బిడ్డల సంరక్షణను, నష్టపరిహారమును నిర్ణయింపవచ్చును. అవసరమైనచో ఎదిరిపక్షమువారు రాకమునుపే తాత్కాలికాజ్ఞ నీయవచ్చును. ఆ రక్షణాజ్ఞను మీఱినవానికి ఒక సంవత్సరము వఱకు ఖైదు. ఇల్లు మామగారి పేరనున్నను, కోడలు కాపురమున్న యిల్లు గనుక అందు నివసించు హక్కు ఆమెకు కలుగగలదని 2020లో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. మా యిల్లు, మా యిష్టము, పొమ్మనుట కిక వీలులేదు.

498ఏ సెక్షను దుర్వినియోగమగుచున్నదని మన సభలలో తఱచుగా వినబడుచుండును. ఆ మాట బొత్తిగా పసలేనిదని మేమనము. సుప్రీంకోర్టువారే 2014లో, ఈ సెక్షను క్రింద ఫిర్యాదు వచ్చినంతమాత్రమున యాంత్రికముగా నిర్బంధింపరాదని యాజ్ఞాపించిరి. కాని కారాగారమునకు వెఱచువారు 2005 నాటి చట్టమును మఱింత ఆదరింపవలసియున్నది గదా! అది మొట్టమొదట ఎవ్వరిని చెఱసాలకు పంపదు. కొట్టవలదని మాత్రము చెప్పును. దుర్వినియోగమని గొంతెత్తి పలుకు పెద్దలలో ఈ చట్టమునకు ప్రచారము చేసినవారిని మేమింతవఱకు చూడలేదు.

2012 డిసెంబరులో ఢిల్లీనగరమున జరిగిన ఘోరముతో దేశమంతయు మేలుకొన్నది. జస్టిస్ వర్మగారి సంఘము ఇరువదితొమ్మిది దినములలో తన నివేదికను 2013 జనవరి 23న సమర్పించినది. ఆ సంవత్సరమే శిక్షాస్మృతి సవరింపబడినది, పనిచేయుచోట్ల స్త్రీలకు రక్షణ నిచ్చు చట్టమును వచ్చినది, నిర్భయనిధియు నేర్పడినది. 2015నుండి జిల్లాలలో 'సఖి' కేంద్రములు తెఱవబడినవి. వైద్యము, రక్షకభటుల సాయము, మనోధైర్యము చెప్పు సలహాదారు, న్యాయవాది, కొద్దిదినములు తలదాచుకొను చోటు - ఈ యైదును ఒకే కప్పు క్రింద లభింపవలెనని వాని యుద్దేశము. గాయముతో వచ్చిన స్త్రీని ఆసుపత్రినుండి ఠాణాకును, ఠాణానుండి కోర్టునకును త్రిప్పి ప్రతిచోటను తన కథను మొదటినుండి చెప్పించుట ఎంత క్రౌర్యమో యోచించినవారికి ఈ యేర్పాటు విలువ తెలియును. 181 సంఖ్యకు టెలిఫోను చేసినచో దారి చూపుదురు. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి, ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచితముగా న్యాయవాది నీయవలెను. మన పోషకులలో కోటీశ్వరులైన వారి కుమార్తెకును ఈ హక్కు గలదు. ఆమె చేతిలో పైసా లేకుండ చేయుటయు హింసలో నొకరీతియే గదా.

ఇన్ని యున్నను వ్యవస్థ నిండుగా లేదు. 2005 నాటి చట్టమునకు ప్రాణము రక్షణాధికారి. ఆ యధికారికి పలుచోట్ల వేఱు పనులును తలకెత్తబడియుండుటచేత జిల్లాయంతటికిని ఆయన యందుబాటులో నుండజాలడు. అఱువది దినములని వ్రాసినది ఏండ్లకు సాగుట కోర్టుపక్షి యెవరైనను ఎఱిగినదే. భార్య విషయమున భర్తచేయు బలాత్కారమును నేరముగా చేయవలెనని వర్మసంఘము చెప్పిన మాటను ప్రభుత్వము అంగీకరింపలేదు; న్యాయసంహితయందును ఆ మినహాయింపు నిలిచియున్నది. ఈ లోపములను ప్రభుత్వము సవరింపవలెను. ఆ పనికై మనము వినతిపత్రములు పంపవచ్చును. కాని మనమే సవరింపవలసిన లోపములు మన యిండ్లలో, మన అరుగులమీద నున్నవి. వానిని చెప్పుటకే యింతదూరము వచ్చితిమి.

మొదటిది పెద్దమనుష్యుల రాజీ. తగవు వచ్చినది, ఇరుపక్షములవారును కూర్చుండిరి, పురుషులు పదుగురు మాటలాడిరి, దెబ్బలు తిన్న స్త్రీ లోపలిగదిలో తలుపుచాటున నున్నది. అతనిచే ఇకమీదట తాగననియు, చేయిచేసికొననననియు కాగితము వ్రాయించిరి. ఆమెతో సర్దుకొనిపొమ్మనిరి. కాపురము నిలిపితిమని సంతసించి కాఫీ త్రాగి లేచిరి. ఆ కాగితమునకు విలువయేమి? అతడు మఱల కొట్టినచో కాగితము వ్రాయించినవారు ఏమి చేయగలరు? రెండవ కాగితము వ్రాయింతురు. మేజిస్ట్రేటుగారి యాజ్ఞను మీఱినవానికి శిక్ష గలదు. మన కాగితమును మీఱినవానికి మఱునాటి సభలో వేదికపై కుర్చీ గలదు. భూమి సరిహద్దుల తగవును, బాకీ తగవును పెద్దలు తీర్చుట మంచిదే. అవి ఇద్దఱు సమానుల నడుమ తగవులు. ఒకరు కొట్టి, ఒకరు తిన్నచోట సగము సగము పంచు తీర్పు న్యాయము కాజాలదు.

శాస్త్రమును అడ్డుపెట్టువారును గలరు. సంస్కృతము చదివి, చదువుచెప్పి బ్రదికిన వారము గనుక ఈ విషయమున ఒక మాట చెప్పు చనవు మాకు గలదు. స్త్రీలు పూజింపబడుచోట దేవతలు క్రీడింతురను మనుస్మృతి శ్లోకము, ఆ గ్రంథము తృతీయాధ్యాయములోనిది, మన సభలలో చదువబడని సంవత్సరము లేదు. ఆ గ్రంథమే అష్టమాధ్యాయమున భార్యను, పుత్రుని, దాసుని, శిష్యుని, తమ్ముని తప్పుచేసినచో త్రాటితోనో వెదురుబద్దతోనో వీపున కొట్టవచ్చునని విధించుచున్నది. ఒక శ్లోకమును వేదికమీదను, రెండవదానిని ఇంటిలోను పాటించుట పండితులకును తగదు, పామరులకును తగదు. శిష్యుని కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. బడిలో బెత్తము పోయినది. ఆకాశ మేమియు విఱిగిపడలేదు. ధర్మశాస్త్రములలో మన పనికి వచ్చునది వేఱొకటి గలదు, అది స్త్రీధనము. యాజ్ఞవల్క్యుడు దానిని వర్ణింపగా, మితాక్షరాకారుడు దాని పరిధిని ఎంతయో పెంచెను. క్షామము, వ్యాధి మున్నగు ఆపదలలో తప్ప భర్త దానిని వాడుకొని తిరిగి యీయకుండుటకు స్మృతి యొప్పుకొనదు. స్త్రీధనమున భార్యకే సంపూర్ణ స్వామ్యము గలదని సుప్రీంకోర్టువారు 1985లో నొక్కిచెప్పిరి. కోడలి నగలు అత్తగారి బీరువాలోనుండి బ్యాంకు పెట్టెకును, అచ్చటినుండి తాకట్టు దుకాణమునకును పోవు నిండ్లు మనలో నెన్నిగలవో పోషకులే యూహింపగలరు.

రెండవది కట్నము. గురజాడవారు 1897లో కన్యాశుల్కమును ప్రకటించిన నాటికి కొన్ని కులములలో ఆడపిల్లను అమ్ముకొనుట దురాచారమై యుండెను. నేడు వరుని కొనుట మర్యాదయైనది. వస్తువు మాఱినది గాని బేరము పోలేదు. దేశమున 2022లో ఆఱువేలకు పైగా వరకట్న మరణములు నమోదైనవి. అనగా దినమునకు పదునేడు. కట్నము తీసికొనుటయే గాక ఇచ్చుటయు నేరమే. ఇది తెలియక గాదు, తెలిసియే యిచ్చుచున్నాము. ఒకసారి ఇచ్చినవాడు రెండవసారి ఇచ్చునని వరుని పక్షమువారికి తెలియును గనుక, తొలి కట్నము తుదిదెబ్బకు బయానా యగుచున్నది. విదేశములనుండి వచ్చిన వరునికి ధర మఱియు హెచ్చు. అచ్చట భర్త యుద్యోగముపై ఆధారపడిన అనుమతితో పోయిన వధువు, పాస్‌పోర్టు అతని చేతిలోనుండగా, ఏ భాషలో నెవరితో మొఱపెట్టుకొనును? అమెరికాలో 1994 నాటి శాసనము ననుసరించి, భర్త ఆ దేశపు పౌరుడుగాని శాశ్వతనివాసిగాని యైనచో బాధితురాలు స్వయముగా నివాసానుమతి కోరవచ్చును. తాత్కాలికోద్యోగుల భార్యలకు, అనగా మన పిల్లలలో పెక్కురకు, ఆ దారి లేదు. అమ్మాయిని పంపుచున్న తల్లిదండ్రులు ఆమె చేతికి పాస్‌పోర్టు ప్రతిని, కొంత సొమ్మును, అచ్చటి మన బంధువుల యొక్క టెలిఫోను సంఖ్యను ఇచ్చి పంపుట మేలు. పెండ్లిపత్రికకు పెట్టు ఖర్చులో నిది పదియవవంతు కాదు.

మూడవదానిని చెప్పుటకు కొంత సంకోచముగానున్నను చెప్పక తప్పదు. కులము పేరిట జరుగు హత్యలు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతరవివాహము చేసికొన్న యువకుని గర్భవతియైన భార్య యెదుటనే ఆసుపత్రి వెలుపల నఱికి చంపిరి. హంతకులను కుదిర్చినవాడు ఆమె తండ్రియే యని అభియోగము. విచారణ ముగియకమునుపే 2020లో ఆ తండ్రి మరణించెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, తక్కిన ఆఱుగురికి యావజ్జీవమును విధించినది. ఆ దినములలో తండ్రిహృదయమని జాలిపడినవారు ఏ యొక్క కులమునందో గాదు, అన్ని కులములయందును గలరు. యుక్తవయస్కులైన ఇరువురు ఇష్టపడి చేసికొను వివాహమున ఏ కులపంచాయితీకిని జోక్యము చేసికొను నధికారము లేదని అదే 2018 మార్చిలో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పియుండిరి. మన సంఘము వధూవరుల పరిచయపుస్తకమును అచ్చువేయుచున్నది. అది మంచి సేవయే. ఆ పుస్తకమున పేరు వ్రాయించుకొనక, వేఱొక యింటిని వెదకికొన్న పిల్లను గుఱించి ఈ వేదికనుండి ఒక్క పరుషవాక్యమైనను వెలువడరాదు. ఇచ్చటి పరుషవాక్యము ఏ యింట కత్తియగునో మన మెఱుగము.

నివారణము పైనుండి మాత్రమే రాదనుటకు మన నేలమీదనే నిదర్శనము గలదు. 1990 ప్రాంతములందు నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా ఉద్యమము సాగుచుండగా, వయోజన వాచకములోని యొక పాఠమును చదివిన దూబగుంట స్త్రీలు తమ గ్రామమున సారాయి దుకాణమును మూయించిరి. త్రాగివచ్చి కొట్టు భర్తలవలన విసిగిన స్త్రీలకు అక్షరము ఆయుధమైనది. ఆ యుద్యమము జిల్లాయంతట వ్యాపించి, 1993లో సారాయినిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో సంపూర్ణనిషేధము సడలింపబడినది. అది వేఱు కథ. బడిపంతులుద్యోగము చేసినవారికి ఈ వృత్తాంతము విన్నప్పుడెల్ల గర్వముగానుండును. రాత్రి యింట తల్లి దెబ్బలు తినినచో మఱునాడు తరగతిలో బాలుడు ఎట్లు కూర్చుండునో ఉపాధ్యాయునికి తెలియును. వాడు పాఠము వినడు. లేక తోటిపిల్లవానిని కొట్టును. మన విద్యానిధి ఆ బాలునికి ఫీజు కట్టుచున్నది.

కావున కార్యవర్గమువారి యెదుట కొన్ని పనులను ఉంచుచున్నాము. దెబ్బలు, కట్నపు బాధ, చంపుదుమను బెదరింపు ఉన్న తగవును సంఘపెద్దలెవ్వరును రాజీకి పట్టరాదని నేడే తీర్మానింపవలెను. అట్టి స్త్రీ వచ్చినచో ఆమె కోరినయెడల సఖి కేంద్రమునకో, రక్షణాధికారి యొద్దకో తోడుపోవుటయే పెద్దల పని. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న యే వ్యక్తియైనను రక్షణాధికారికి తెలుపవచ్చుననియు, సద్భావముతో తెలిపినవారిపై వ్యాజ్యము లేదనియు చట్టముననే యున్నది గనుక ఇరుగుపొరుగువారు వెఱవనక్కఱలేదు.

మన కల్యాణమండపమున జరుగు ప్రతి వివాహమునకును, 1985 నాటి నియమముల ప్రకారము వధూవరుల కిచ్చిన కానుకల పట్టికను రెండు ప్రతులుగా వ్రాయించి, ఇరువురిచేతను సంతకము చేయించి, వధువు ప్రతిని వధువు చేతికే యీయవలెను. పట్టిక వ్రాయనివారికి మండపము నీయరాదు. ఇందువలన అద్దె కొంత తగ్గునని కోశాధికారిగారు దిగులుపడవచ్చును. తగ్గనిండు.

రిజిస్టరైన స్వచ్ఛందసంఘము, స్త్రీల హక్కుల రక్షణ తన యాశయములలో నున్నచో, ప్రభుత్వమునొద్ద సేవాసంస్థగా నమోదు చేసికొనుటకు 2005 నాటి చట్టము పదవ సెక్షను వీలు కల్పించుచున్నది. అట్టి సంస్థ బాధితురాలు కోరినచో సంఘటన నివేదికను వ్రాసి మేజిస్ట్రేటునకు పంపవచ్చును, వైద్యపరీక్ష చేయింపవచ్చును, ఆశ్రయము చూపవచ్చును. మన నిబంధనావళిలో విద్య యున్నది, వైద్యమున్నది, అన్నదానమున్నది. ఈ యాశయము లేదు. దానిని చేర్చుటకు సవరణపాఠమును వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. ఆ పనిని చూచుటకు స్త్రీలే సభ్యులుగానుండు ఉపసంఘ మొకటి వలయును. ఇప్పుడు వేదికపై నెందఱు స్త్రీలున్నారో సభవారే చూచుచున్నారు గనుక దీనికి కారణము విన్నవింపనక్కఱలేదు.

ఇక తుదకు వసతిగృహమున మేడమీది రెండు గదులు. అవి ప్రస్తుతము పాత కుర్చీలకును, గతసంవత్సరముల సంచికలకును నిలయమైయున్నవి. బిడ్డలతో రాత్రివేళ వచ్చిన స్త్రీకి తెల్లవారువఱకు నిలువ వానిని ఖాళీచేయింప కోరుచున్నాము. రెండు మంచములకును, నీటి యేర్పాటునకును అగు ఖర్చును పోషకులలో నెవరైనను భరించినచో, ఈ సభ ముగియకమునుపే వారి పేరు కార్యదర్శిగారికి తెలుపవేడుచున్నాము. తీర్మానముల పాఠము సంచికతోబాటు పంచబడియున్నది. సభవారు చదివి తమ యభిప్రాయము తెలుపుదురుగాక.